బాత్రూమ్ టైల్స్ సమస్యలు: గోదావరి డెల్టా ఇళ్లలో ఏది ఎందుకొస్తుంది, ఏం చేయాలి

కోనసీమలోనైనా, భీమవరం వైపైనా బాత్రూమ్ టైల్స్ పాడయ్యాయంటే లోపం టైల్‌ది కావడం తక్కువ. కింద నల్లమట్టి, కొంచెం తవ్వితేనే నీళ్లు, చాలా ఊళ్లలో బోరులో ఉప్పు. రంగు, డిజైన్ కోసం షాపులన్నీ తిరిగేవాళ్లు కూడా ఈ మూడింటి గురించి మేస్త్రిని ఒక్క మాట అడగరు.

సందుల్లో, గోడ కింది వరుసల్లో తెల్లటి పొడి

తుడిస్తే పోతుంది, కొన్నాళ్లకు మళ్లీ వస్తుంది. అది ఉప్పు. లోపలి చెమ్మ బయటికి వస్తూ లవణాలను మోసుకొస్తుంది. నీరు ఆవిరైపోయాక అవి అక్కడే మిగులుతాయి. ఇంతకీ ఆ చెమ్మ ఎక్కడిదో తేల్చుకోకుండా ఏ మందు పూసినా డబ్బు దండగే.

కొత్త ఇల్లయి, పొడి నెలనెలా తగ్గుతూ పోతుంటే అది మాలు కలిపిన నీళ్లలో ఉప్పే అయ్యుంటుంది. కాలువలకు నీళ్లు వదిలాక, వానల్లో పెరిగి, వేసవిలో కాలువలు కట్టేశాక తగ్గుతుంటే నేల నుంచి ఎక్కుతున్న చెమ్మను అనుమానించాలి. కాలంతో పని లేకుండా ఏడాది పొడవునా ఒకే చోట తడిగా ఉంటే గోడలో పైపు కారుతున్నట్టు.

మొదటి రకానికి పొడి బ్రష్‌తో రుద్ది దులిపేస్తే చాలు. నీళ్లు పోసి కడిగితే ఆ ఉప్పు కరిగి మళ్లీ లోపలికి ఇంకుతుంది. పైపు అయితే ప్లంబర్‌తో ప్రెజర్ టెస్ట్ చేయించి, కారే చోటే పగలగొట్టించండి.

నేల చెమ్మ మొండిది. కనిపించకుండా గోడ మీద ఇంకో నాలుగు వరుసలు టైల్స్ వేయించేవాళ్లున్నారు. గోడ ఆరే దారి మూసుకుపోయి, చెమ్మ టైల్స్ అంచు దాటి ఇంకా పైకెక్కుతుంది. పాత ఇంట్లో అయితే గోడ అడుగున రంధ్రాలు వేసి చెమ్మను ఆపే కెమికల్ ఎక్కించాలి. ఖర్చుతో కూడిన పని, నేర్పున్న మనిషి కావాలి. ఇంకా కట్టబోయేవాళ్లయితే బేస్‌మెంట్ బాగా మెరక చేసి, దాని మీద గోడ లేచే ముందే డీపీసీ పొర (నేల చెమ్మ గోడలోకి ఎక్కకుండా ఆపే పొర) వేయించండి. రొయ్యల చెరువుల పక్కనో, సముద్రం దగ్గరో ఇల్లయితే బోరు నీళ్లు ల్యాబ్‌లో చూపించాకే సిమెంటులో కలపండి. ఇనుము వేసే కాంక్రీటుకు వాడే నీళ్లలో క్లోరైడ్లు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని కాంక్రీటు పనికి భారత ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది.

నీళ్లు మూలన నిలుస్తున్నాయి

వాటం సరిగా లేదు. ట్రాప్ (నీళ్లు పోయే జాలీ కింద, కాస్త నీళ్లు నిలిచే వంపు) వైపు ఆరడుగులకు కనీసం ముప్పావు అంగుళం దిగాలి. రెండడుగుల టైల్ అందంగానే ఉంటుంది కానీ, చిన్న బాత్రూమ్‌లో నాలుగు వైపుల నుంచీ వాటం దానికి కుదరదు. నేలకు అడుగు టైలే మేలు. గ్రౌట్ (టైల్స్ సందుల్లో నింపే ముద్ద) పెట్టకముందే బకెట్ నీళ్లు పోయించి చూడండి. మేస్త్రి విసుక్కున్నా సరే. ఆ తర్వాతైతే తీసి మళ్లీ వేయడం తప్ప మార్గం లేదు. గ్రౌట్ ఎత్తు పెంచి సర్దుతామంటే ఒప్పుకోవద్దు.

తడితే డొల్ల శబ్దం

కొబ్బరికాయ తట్టి చూసినట్టు నాణెంతో తట్టండి. మూలల్లో డొల్లగా మోగితే టైల్ మధ్యలో మాత్రమే మాలు ముద్ద పెట్టి అతికించారన్నమాట. సిరామిక్ టైల్‌ను నానబెట్టకుండా సిమెంటు మీద వేసినా అది మాలులోని నీటిని పీల్చేసుకుని సరిగా పట్టుకోదు. విట్రిఫైడ్ అయితే దాదాపు నీళ్లే పీల్చదు కాబట్టి దానికి టైల్ అడెసివ్ తప్పనిసరి. గోడ మీద, షవర్ తగలని చోట, కదలకుండా ఉన్న డొల్ల టైల్ జోలికి పోకండి. నేల మీదిదైతే తీయించి, పళ్ల తాపీతో అడెసివ్ మొత్తం పరిచి వేయించాలి. ఇలాంటప్పటి కోసమే కొన్నప్పుడు ఒక పెట్టె అదనంగా దాచుకోవాలి. తర్వాత కొంటే అదే డిజైన్‌లోనూ షేడ్ తేడా వస్తుంది.

వరసగా నాలుగైదు టైల్స్ ఒకే గీతలో చీలితే అది డొల్లతనం కాదు. నల్లమట్టి తడికి ఉబ్బి, ఎండకు కుంగి గోడనో నేలనో కదుపుతోంది. ముందు ఇంజనీరుకు చూపించండి. గోడ, నేల కలిసే మూలలో మాత్రం సన్నటి పగులు మామూలే. అక్కడ సిమెంటు గ్రౌట్ గీకేసి సిలికాన్ సీలెంట్ పెట్టిస్తే ఆ కాస్త కదలికను తట్టుకుంటుంది.

టైల్ మసకబారింది, సందులు గుల్లయ్యాయి

మసక బోరు నీళ్ల సున్నపు పొర. సందులు గుల్లవడం దాన్ని వదిలించడానికి పోసిన యాసిడ్ పని. నీళ్లు కలిపిన వెనిగర్ రాసి, కొన్ని నిమిషాలాగి తోమి, బాగా కడిగేయండి. గుల్లయిన సందులు గీకి ఎపాక్సీ గ్రౌట్ నింపిస్తే ఉప్పు నీళ్లకూ మరకలకూ గట్టిగా నిలుస్తుంది. పని కాస్త నిదానం, ధర ఎక్కువ.

వాడని బాత్రూమ్‌లో కంపు

మురుగు వాసనను అడ్డుకునే ట్రాప్‌లోని నీళ్లు ఎండిపోయాయి. ఒక చెంబుడు పోయండి.