ఫిబ్రవరిలో కదాకేస్ వెళ్తున్నారా? ముందు గాలి సంగతి చూసుకోండి

బార్సిలోనా వచ్చే మనవాళ్లలో చాలామంది ఫోన్‌లో ఒక ఫొటో చూపించి "ఇక్కడికి తీసుకెళ్లు" అంటారు. తెల్లటి ఇళ్లు, వాటి నడినెత్తిన ఒక చర్చి, కింద అద్దంలాంటి సముద్రం. అది కదాకేస్. స్పెయిన్‌లోని కాటలోనియాకు ఈశాన్య మూలలో, ఫ్రాన్స్ సరిహద్దుకు దగ్గరగా ఉన్న చిన్న ఊరు. బార్సిలోనా నుంచి సుమారు 170 కిలోమీటర్లు. ఊళ్లో ఉండేవాళ్లు మూడు వేల మంది లోపే. చిత్రకారుడు సాల్వడార్ డాలీ ఇల్లు పక్కనే పోర్ట్‌లిగాట్ అనే చిన్న రేవులో ఉంది.

ఆ ఫొటో జూలైలో తీసింది. మీరు వెళ్లేది ఫిబ్రవరి, మార్చి నెలల్లో. చిక్కంతా అక్కడే.

వెళ్లొద్దని మాత్రం అనను. నాకు ఆ ఊరు చలికాలం చివరే ఇష్టం. వీధుల్లో రద్దీ ఉండదు, గదుల అద్దె తగ్గుతుంది. కాకపోతే మనకు అలవాటు లేని ఇబ్బందులు రెండు మూడు ఉన్నాయి. చలి వాటిలో పెద్దదేమీ కాదు. పగలు 12, 13 డిగ్రీలు, రాత్రి ఐదారు. ఆదిలాబాద్‌లోనో లంబసింగిలోనో డిసెంబరు తెల్లవారుజాము చూసినవాళ్లకు ఆ అంకెలు పెద్దగా అనిపించవు. అంకెలు చూసి మోసపోతారనే నా భయం.

ఎండ కాస్తుంటే కూడా గాలిని నమ్మొద్దు

అక్కడి ఉత్తరపు గాలి పేరు త్రముంతాన. ఇంట్లో ఎదురెదురు తలుపులు రెండూ తీస్తే మధ్యలో గాలి ఎలా దూసుకొస్తుందో తెలుసుగా? అదే పద్ధతి. ఉత్తరం నుంచి దిగే చల్లగాలి పిరనీస్ పర్వతాలకూ ఫ్రాన్స్ మధ్యనున్న కొండలకూ నడుమ సందులో ఇరుక్కుని, వేగం పుంజుకుని, నేరుగా ఈ మూల మీద పడుతుంది. చలికాలంలో గంటకు 100 కిలోమీటర్లు దాటే విసుర్లు కూడా వస్తుంటాయి. ఒకసారి మొదలైతే రోజుల తరబడి వీచొచ్చు. ఎవరైనా కాస్త తిక్కగా మాట్లాడితే ఆ ప్రాంతంలో "వాడికి త్రముంతాన తగిలింది" అంటారు. రెండు రాత్రులు కిటికీ చెక్కలు కొట్టుకుంటుంటే పడుకున్నాక ఆ మాట ఊరికే పుట్టలేదని నాకు అర్థమైంది.

మన కోస్తావాళ్లు ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. మనకు పెద్ద గాలి అంటే తుపాను, తుపాను అంటే మబ్బు, వాన. ఆకాశం చూసి జాగ్రత్తపడతాం. త్రముంతాన వచ్చే రోజు చాలాసార్లు మబ్బు తునక కూడా ఉండదు. ఆకాశం కడిగినట్టు నీలంగా ఉంటుంది, దూరాన మంచు కొండలు చేతికందేలా కనిపిస్తాయి. కిటికీలోంచి చూసినవాళ్లు "అబ్బ, ఎంత మంచి రోజో" అనుకుని పల్చటి స్వెట్టరుతో బయటకు వస్తారు.

మా నాన్న అలాగే వచ్చారు. ఖమ్మం నుంచి వచ్చిన మనిషి, చలికి మంకీ క్యాప్ ఉంది చాలన్నారు. ఊరికి కాస్త దూరంలో ఉన్న లైట్‌హౌస్ దగ్గర కారు తలుపు తీయగానే గాలి ఆ తలుపును చేతిలోంచి లాగేసి వెనక్కి విరిచింది. క్యాప్ ఏమైందో తెలియదు. తలుపు మాత్రం తర్వాత సరిగా పడలేదు. అద్దె కారు ఇచ్చినవాళ్లు డిపాజిట్‌లో బాగానే కోసుకున్నారు. అప్పటినుంచి నేను పాటించేవి ఇవి.

బయల్దేరే ముందు రోజు రాత్రి, మళ్లీ పొద్దున, కాటలోనియా వాతావరణ శాఖ మెతెయోకాట్ హెచ్చరికలు చూస్తాను. ఉష్ణోగ్రత కాదు, గాలి విసుర్ల అంకె చూస్తాను. 8 డిగ్రీలున్న రోజు గంటకు 70 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి 2 డిగ్రీల చలిలా తగులుతుంది. అందుకని లావుపాటి స్వెట్టర్ ఒక్కటే ఉంటే లాభం లేదు, గాలి దాని దారాల్లోంచి లోపలికి దూరుతుంది. లోపల మామూలు ఉన్ని బట్ట, పైన గాలి చొరని జాకెట్, చెవులు మూసేలా గడ్డం కింద బిగించే టోపీ ఉండాలి. గొడుగు గదిలోనే వదిలేయండి. చీర, చున్నీ, పొడవాటి స్కార్ఫ్ ఆ ఒక్కరోజుకు వద్దు. ఫొటో కోసం అంచున నిలబడ్డప్పుడు అవి తెరచాపలా మనిషిని లాగుతాయి. కారును గాలికి ఎదురుగా ముక్కు పెట్టి ఆపండి, అప్పుడు గాలి తలుపును మూసే వైపు తోస్తుంది. ఒక్కొక్కరే, ఒక్కో తలుపే, రెండు చేతులతో పట్టుకుని దిగండి.

ఇక లైట్‌హౌస్ సంగతి. అది ఉన్నది ఊరి నుంచి ఏడు కిలోమీటర్ల దూరంలో, కాప్ దె క్రెయుస్ అనే భూశిరం మీద. స్పెయిన్ ప్రధాన భూభాగానికి తూర్పు కొస అదే. సూర్యుడు మొదట కనిపించేది అక్కడే కాబట్టి ఉదయం చూడాలని అందరికీ సరదా. ఫిబ్రవరి మొదట్లో సూర్యోదయం దాదాపు ఎనిమిదింటికి, కాబట్టి అర్ధరాత్రి లేవక్కర్లేదు. నడిచి వెళ్తే ఒకవైపే రెండు గంటలు. దారంతా నల్లటి పదునైన రాళ్లు, గాలికి వంగిపోయిన పొదలు, చెట్టు నీడ గాని గోడ చాటు గాని లేవు. గాలి హెచ్చరిక ఉన్న రోజు పిల్లలతో, పెద్దవాళ్లతో ఆ కాలిబాట మానేయండి. కుర్రాళ్లయినా రాళ్ల అంచుకు వెళ్లొద్దు. గాలి ఒకే ఊపులో వీయదు, తెరలు తెరలుగా వస్తుంది. దానికి ఎదురుగా ఒంగి నిలబడ్డప్పుడు ఒక్కసారి ఆగితే మీరే ముందుకు తూలుతారు.

సముద్రం విషయంలోనూ ఇలాంటి మోసమే. ఊరి ముందున్న అఖాతం ఆగ్నేయం వైపు తెరుచుకుని ఉంటుంది. ఉత్తరపు గాలి భూమి మీదుగా వస్తుంది కాబట్టి ఒడ్డున అలలే ఉండవు, చెరువులా కనిపిస్తుంది. అది చూసి కయాక్ తీసుకుని దిగితే గాలి నేరుగా బయటి సముద్రంలోకి తోసేస్తుంది, తెడ్డు వేసి వెనక్కి రావడం అయ్యే పని కాదు. నీళ్లు 12, 13 డిగ్రీలు. పడితే చేతులు నిమిషాల్లో మొద్దుబారతాయి.

వాన వస్తే ఆ "రోడ్డు" మీద కారు పెట్టొద్దు

రెండో గాలి తూర్పు నుంచి వస్తుంది, దాన్ని లెవాంత్ అంటారు. ఇది మనకు తెలిసిన రకమే. మబ్బు, వాన, ఒడ్డుకు కొట్టే అలలు. ఆ రోజు సముద్రం పక్క నడకదారిలో ఫొటోలు వద్దు.

అంతకంటే ముఖ్యమైనది రియేరా. ఊరి మధ్యలోంచి సముద్రం వరకు వెడల్పాటి దారి ఒకటి ఉంటుంది, కార్లు వరుసగా ఆగి ఉంటాయి. చూడ్డానికి పార్కింగ్ స్థలమే. నిజానికి అది వాగు. ఏడాదిలో చాలా రోజులు ఎండి ఉంటుంది. కొండల మీద గట్టిగా వాన పడితే నీళ్లన్నీ ఆ దారినే వస్తాయి. 2024 సెప్టెంబరులో ఒక్క వానకు అక్కడ ఆగి ఉన్న కార్లు పదుల సంఖ్యలో కొట్టుకుపోయి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. వాగులో ఇల్లు కట్టొద్దని మన పెద్దలు చెప్పేవాళ్లు, ఇక్కడ కారుకూ అదే వర్తిస్తుంది. వాన సూచన ఉంటే ఊరి పైభాగంలో డబ్బు కట్టే పార్కింగ్‌లో పెట్టుకోండి.

దారి, బస్సు, రెండు స్టేషన్లు

కదాకేస్‌కు రైలు లేదు. పక్క ఊరు రోసెస్ వైపు నుంచి కొండ ఎక్కి దిగే రోడ్డు ఒక్కటే, శ్రీశైలం ఘాట్‌లాగా మెలికలు. వాంతులయ్యే పిల్లలుంటే మాత్ర ముందే వేయండి. చీకటి పడ్డాక ఆ దారిలో నడపకపోవడం మంచిది, అడవిపందులు అడ్డం వస్తాయి.

బస్సు అయితే బార్సిలోనా నార్త్ బస్‌స్టాండ్ నుంచి నేరుగా ఉంది, మూడు గంటలకు కాస్త తక్కువ. చలికాలంలో సర్వీసులు బాగా తగ్గిస్తారు. వెళ్లే బస్సు కంటే తిరిగొచ్చే చివరి బస్సు టైం ముందు రాసుకోండి. రైల్లో దగ్గరి పట్టణం ఫిగేరెస్ దాకా వెళ్లి అక్కడ బస్సు ఎక్కేవాళ్లకు ఒక హెచ్చరిక: ఫిగేరెస్‌కు స్టేషన్లు రెండు. హైస్పీడ్ రైలు ఆగేది ఫిగేరెస్-విలఫాంత్‌లో, ఊరికి అవతలి పక్క. కదాకేస్ బస్సు బయల్దేరేది పాత స్టేషన్ దగ్గర. రెంటికీ మధ్య ఇరవై నిమిషాలకు పైగా నడక ఉంది, సూట్‌కేసుతో, గాలిలో. మధ్యలో కనీసం గంట ఖాళీ పెట్టుకుని టికెట్ తీసుకోండి.

ఫిబ్రవరిలో కార్నివాల్ వారం పడితే రోసెస్‌లో ఊరేగింపులు పెద్ద ఎత్తున జరుగుతాయి. సరదాయే, కానీ ఆ రోజుల్లో రోసెస్‌లో గది గాని పార్కింగ్ గాని దొరుకుతుందని ఆశపడొద్దు.

తలుపు మీద "తంకాట్" అని ఉంటే

మూసి ఉంది అని అర్థం. ఈ మాట మీకు రోజుకు పదిసార్లు కనిపిస్తుంది. ఊళ్లో చాలా ఇళ్లు బార్సిలోనావాళ్ల సెలవుల ఇళ్లు, చలికాలమంతా తాళాలే. హోటళ్లలో సగానికి సగం వాళ్లూ సెలవు తీసుకుంటారు. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా దుకాణాలు కూడా మూసేస్తారు. ఆదివారం మరీ కష్టం. పాలు, రొట్టె, బియ్యం శనివారమే కొనిపెట్టుకోండి.

డాలీ ఇంటిని ఏటా జనవరి ప్రాంతంలో కొన్ని వారాలు మూసి ఫిబ్రవరిలో తెరుస్తారు. ఇరుకు గదులు కాబట్టి కొద్దిమంది చొప్పునే పంపుతారు, ముందే బుక్ చేసుకోకుండా వెళ్తే గుమ్మం చూసి రావడమే. బుకింగ్ దొరికిన రోజును బట్టే మిగతా ప్రయాణం కుదుర్చుకోండి. ఫిగేరెస్‌లోని ఆయన మ్యూజియం, కొండ మీది సాంత్ పేరె దె రోదెస్ మఠం చలికాలంలో మామూలుగా సోమవారం తెరవరు.

భోజనం ఒంటిగంట నుంచి మూడున్నర మధ్యే. ఆ సమయం దాటితే రాత్రి ఎనిమిదిన్నర దాకా వంట దొరకదు. షుగర్ ఉన్నవాళ్లు బ్యాగులో ఏదో ఒకటి ఉంచుకోండి. శాకాహారులకు ఎస్కలివాడా బాగుంటుంది. వంకాయ, ఎర్ర క్యాప్సికం, ఉల్లి నిప్పుల మీద కాల్చి తొక్క తీసి ఆలివ్ నూనె పోస్తారు. మన కాల్చిన వంకాయ పచ్చడికి కారం తెలియని చుట్టం అనుకోండి. అయితే దాని మీద ఆంచోవీ చేప ముక్కలు పెట్టి ఇవ్వడం అక్కడ మామూలు. పాలకూరలో పంది మాంసం తునకలు, పప్పులో సాసేజ్ ఉండొచ్చు. "వెజిటేరియన్" అంటే మాంసం ఒక్కటే మానేసి చేప పెట్టేవాళ్లున్నారు. "సెన్సె కార్న్, సెన్సె పెయిష్, సెన్సె పెర్నిల్" అని మూడూ చెప్పండి: మాంసం, చేప, హామ్ వద్దని. ఈ రోజుల్లోనే కల్సోత్స్ అనే పొడవాటి ఉల్లికాడలు మంట మీద కాల్చి పెడతారు. అవి పూర్తిగా శాకాహారమే, కానీ నంజుకునే ఎర్రటి సాస్‌లో బాదం, హేజెల్ గింజలు ఉంటాయి, అలర్జీ ఉన్నవాళ్లు అడిగి తినండి.

గది తీసుకునేటప్పుడు

అద్దె ఇళ్ల ఫొటోల్లో బాల్కనీ చూపిస్తారు, హీటర్ చూపించరు. వేసవి కోసం కట్టిన ఇళ్లు కాబట్టి చాలావాటిలో గోడలు చల్లగా, తేమగా ఉంటాయి. హీటింగ్ అన్ని గదుల్లో ఉందా, దేనితో నడుస్తుంది, కరెంటు ఖర్చు అద్దెలో కలిసిందా అని మెసేజ్ పెట్టి రాతపూర్వకంగా అడగండి. గ్యాస్ సిలిండర్ పెట్టిన చక్రాల హీటర్ ఉంటే కిటికీ కొద్దిగా తీసి ఉంచండి, పడుకునే ముందు కచ్చితంగా ఆపేయండి. మూసిన గదిలో ఆ పొగకు వాసన కూడా ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గీజర్ చిన్నదైతే నలుగురి స్నానానికి చాలదు. మా ఇంట్లో ఈ విషయం తేలింది మా అత్తగారి వంతు వచ్చినప్పుడు, ఆ పొద్దంతా ఎవరూ గట్టిగా మాట్లాడలేదు.

పాత ఊరి వీధుల్లో నల్లటి పలకరాళ్లు నిలువుగా పాతి ఉంటాయి, చర్చి వైపు అంతా ఎత్తే. తడిస్తే జారతాయి, చక్రాల సూట్‌కేసు లాగలేరు, మోకాళ్ల నొప్పులవాళ్లకు దిగడం ఎక్కడం కంటే కష్టం. గది కింద, సముద్రానికి దగ్గర్లో తీసుకోండి. రబ్బరు పట్టున్న బూట్లు తప్పనిసరి. ఊళ్లో చిన్న వైద్యకేంద్రం ఉంది, పెద్ద ఆసుపత్రికి ఫిగేరెస్ వెళ్లాలి, అదే ఘాట్ దారిన గంట ప్రయాణం. బీపీ, షుగర్ మందులు రెండు రోజులవి ఎక్కువ ఉంచుకోండి, మందుల పేర్లున్న చీటీ ఇంగ్లిషులో పెట్టుకోండి. అత్యవసరానికి నంబర్ 112. ఇండియా నుంచి వచ్చేవాళ్లకు షెంగెన్ వీసా కోసం తీసుకున్న 30,000 యూరోల బీమా ఉంటుంది, ఆ కాగితం ఫోన్‌లోనే కాకుండా జేబులో కూడా ఒకటి ఉండాలి.

ఒకరోజు ప్రయాణంగా కాకుండా రెండు రాత్రులు పెట్టుకుంటే మేలు. గాలి లేచిన రోజు లైట్‌హౌస్ ప్లాన్ పక్కన పెట్టి ఊళ్లోనే గోడల చాటున తిరగొచ్చు. ఈస్టర్ ముందు ఉపవాస దినాల్లో బేకరీల్లో బున్యోల్స్ అని సోంపు వాసన వేసే తీపి బూరెల్లాంటివి వేయిస్తారు, గుడ్డు ఉంటుంది. పొద్దున పదకొండు లోపు వెళ్లండి, తర్వాత అయిపోతాయి.