ఆస్ట్రేలియాలో చెఫ్‌గా ఉద్యోగం మారుతున్నారా? రాజీనామాకు ముందు ఇవి చూసుకోండి

482 వీసా (యజమాని స్పాన్సర్ చేసే తాత్కాలిక ఉద్యోగ వీసా) మీద ఉన్నవాళ్లు తొందరపడి మానేయకండి. కొత్త యజమానికి స్పాన్సర్‌గా ఆమోదం ఉండాలి, మీ పేరు మీద నామినేషన్ (ఫలానా ఉద్యోగానికి మిమ్మల్ని తీసుకుంటామని యజమాని ప్రభుత్వానికి పెట్టే దరఖాస్తు) మంజూరు కావాలి. "అప్లై చేశాంలే తమ్ముడూ, రేపట్నుంచి తందూర్ దగ్గరికి వచ్చెయ్" అంటే నమ్మి వెళ్లొద్దు. మంజూరైన మెయిల్ కళ్లారా చూడండి, కాపీ తీసి పెట్టుకోండి.

వీసా గడువు మిగిలి, వృత్తి అదే అయితే కొత్త వీసా అక్కర్లేదు. కానీ చెఫ్ వేరు, కుక్ వేరు. నామినేషన్‌లో వృత్తి కోడ్ 351311 (చెఫ్) ఉందా, 351411 (కుక్) ఉందా? అది మారితే మళ్లీ వీసాకి పెట్టుకోవాల్సిందే. ఫాస్ట్‌ఫుడ్ కౌంటర్‌లో పనికైతే చెఫ్ నామినేషన్ కుదరదు.

పాత ఉద్యోగం మానేశాక మధ్యలో ఖాళీ వస్తే, కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి ఒక్కో విడతకు 180 రోజులు, వీసా కాలమంతా కలిపి 365 రోజుల వరకు గడువు ఉంటుంది. 2024 జులై 1 నుంచి ఇదే లెక్క. అంతకుముందు 60 రోజులే ఉండేది, ఎంతమంది నలిగిపోయారో! వీసా ముందే ముగిసిపోతే మాత్రం ఈ రోజులు ఆదుకోవు.

నామినేషన్ ఫీజు, శిక్షణ లెవీ (విదేశీ ఉద్యోగిని నామినేట్ చేసినందుకు ప్రభుత్వానికి కట్టే రుసుము) యజమానే కట్టాలి. మీ జీతంలోంచి కోయడం చట్టవిరుద్ధం, గట్టిగా చెప్పండి.

పాత పేస్లిప్పులన్నీ దాచుకోండి. 186 పర్మనెంట్ వీసాకు కావాల్సిన రెండేళ్ల పని అనుభవంలో ఆమోదం పొందిన పాత స్పాన్సర్ దగ్గర చేసిన కాలమూ కలుస్తుంది.