చక్కెర లేని గమ్ మానాక తగ్గిన కడుపు ఉబ్బరం

మధ్యాహ్నం దాటితే కడుపు ఉబ్బరం, గ్యాస్, అప్పుడప్పుడు నీళ్ల విరేచనాలు. పాలు మానేసి చూసినా తగ్గలేదు. చివరకు నేను రోజంతా నమిలే చక్కెర లేని చూయింగ్ గమ్ పొట్లం వెనుక చదివితే సార్బిటాల్, మాల్టిటాల్ అనే తీపి పదార్థాలు కనిపించాయి. కొన్నింటిపై పేర్లకు బదులు 420, 965 అనే సంఖ్యలే ఉంటాయి. ఇవి చిన్నపేగులో పూర్తిగా ఇంకవు. మిగిలినది పేగులోకి నీటిని లాగుతుంది. పెద్దపేగులోని బాక్టీరియా దాన్ని పులియబెట్టడంతో గ్యాస్ పుడుతుంది. ఎక్కువగా తింటే విరేచనాలు కావచ్చని చాలా పొట్లాలపై చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ హెచ్చరికను ముందువైపే, పెద్దగా ముద్రించాలి.

గమ్‌తో పాటు చక్కెర లేని చాక్లెట్లూ ఆపాను. కొద్ది రోజుల్లోనే కడుపు తేలికపడింది. నిర్ధారణ కోసం మళ్లీ నమిలితే అదే బాధ తిరిగి వచ్చింది. ఇక సందేహం లేదు.

ఆస్పర్టేమ్, సుక్రలోజ్ అనే కృత్రిమ తీపి పదార్థాలు వేరే రకం. అతి కొద్ది మోతాదులోనే తీపినిస్తాయి కాబట్టి ఇలా నీటిని లాగవు. అయితే బరువు తగ్గడానికి అలాంటి తీపి పదార్థాలపై ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. ఆ సూచన ఇప్పటికే మధుమేహం ఉన్నవారికి వర్తించదు. ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే జన్యు వ్యాధి ఉన్నవారు మాత్రం ఆస్పర్టేమ్‌కు దూరంగా ఉండాలి.

గమ్ మానినా విరేచనాలు ఆగకపోతే, రక్తం కనిపిస్తే వైద్యుడి దగ్గరికి వెళ్లండి.