గోమారిని పీకే ముందు ఇది చదవండి

కుక్క మీదో పిల్లి మీదో గోమారి కనిపించగానే ఒకరు కిరోసిన్ రాయమంటారు, ఇంకొకరు అగ్గిపుల్ల కాల్చి అంటించమంటారు, మరొకరు వాజలిన్ దట్టంగా పూస్తే ఊపిరాడక అదే ఊడి పడుతుందంటారు. ఇవేవీ చేయొద్దు. గోమారి చాలా తక్కువ గాలితో బతికేస్తుంది, నూనె పూసి ఊపిరాడకుండా చేయాలంటే గంటలు పడుతుంది, అంతసేపూ అది రక్తం తాగుతూనే ఉంటుంది. వేడి, కిరోసిన్ ఇంకా ప్రమాదం. దాన్ని అలా హింస పెడితే నోట్లోదీ కడుపులోదీ కరిచిన చోటే కక్కే అవకాశం ఉంది, జబ్బు క్రిములు ఉండేది అందులోనే. పైగా చర్మం కాలుతుంది, కిరోసిన్‌ని కుక్కో పిల్లో నాకిందంటే అదో కొత్త గండం. గోళ్లతో గిల్లి పీకడం, పొట్ట పట్టుకుని నలపడం కూడా ఇదే కారణంతో మానేయాలి.

గోమారి నోటి భాగానికి వెనక్కి తిరిగిన సన్నటి ముళ్లుంటాయి, చాలా రకాలు వాటితో పాటు జిగురులాంటి పదార్థం కూడా వదిలి చర్మానికి అతుక్కుంటాయి. విసురుగా లాగితే పొట్ట చేతికొచ్చి నోరు లోపలే ఉండిపోయేది అందుకే. మనం చేయాల్సిందల్లా పొట్టని ముట్టుకోకుండా నోటి దగ్గర పట్టుకుని నిదానంగా బయటకి తేవడం.

ముందు సామాన్లన్నీ పక్కన పెట్టుకోండి, సగంలో లేచి వెతుక్కుంటే కుక్క పారిపోతుంది. సన్న మొన ఉన్న ట్వీజర్స్ కావాలి, కనుబొమలకి వాడే వెడల్పు మొనది పొట్టని నొక్కేస్తుంది కాబట్టి పనికిరాదు. చేతులకి గ్లవ్స్, మూత గట్టిగా ఉన్న చిన్న సీసాలో కొంచెం సర్జికల్ స్పిరిట్, దూది, పెంపుడు జంతువులకి వాడదగ్గ యాంటీసెప్టిక్. ఇంకో మనిషి ఉంటే సగం టెన్షన్ తగ్గినట్టే, ఒకరు తల దగ్గర కూర్చుని మాట్లాడుతూ నిమురుతుంటే ఇంకొకరు తీయొచ్చు.

లాగే ముందు అది గోమారేనా అని లైటు వేసి చూడండి. పులిపిర్లనీ, పొట్ట మీది చనుమొనల్నీ గోమారి అనుకుని లాగేవాళ్లు ఉన్నారు, పాపం ఆ జంతువు ఎంత నొప్పి పడుతుందో. చర్మానికి దగ్గరగా కాళ్లు కనిపిస్తే గోమారే. పెద్ద వాటికి ఎనిమిది కాళ్లుంటాయి, అప్పుడే గుడ్డు నుంచి వచ్చిన పిల్లలకి ఆరు. పిల్లలు ఆవగింజంత కూడా ఉండవు, చూపు కంటే వేళ్లే వాటిని ముందు పట్టేస్తాయి.

ఇప్పుడు వెంట్రుకలు రెండు వైపులకీ విడదీసి, ట్వీజర్స్ మొనల్ని చర్మానికి ఆనించినంత దగ్గరగా పెట్టి, గోమారి నోటి దగ్గర పట్టుకోండి. తిప్పకండి, కుదపకండి, ఒకే బలంతో నిటారుగా పైకి లాగుతూ ఉండండి. చర్మం కొంచెం పైకి లేస్తుంది, అక్కడ భయపడి వదిలేయకుండా అలాగే పట్టి ఉంచితే కొన్ని క్షణాల్లో పట్టు సడలి వచ్చేస్తుంది. గోమార్లు తీయడానికే అమ్మే కొక్కెం లాంటి పనిముట్టు ఉంటే దాని చీలికని గోమారి కిందకి జరిపి మెల్లగా తిప్పుతూ పైకి తీయాలి. తిప్పడం ఆ పనిముట్టుకి మాత్రమే, ట్వీజర్స్‌తో తిప్పితే నోరు విరుగుతుంది.

నోటి ముక్క లోపల ఉండిపోతే కంగారు పడకండి. సులువుగా అందితే తీయండి, లేకపోతే వదిలేయండి, కొన్ని రోజుల్లో చర్మమే దాన్ని బయటకి నెట్టేస్తుంది. సూదితో తవ్వితే చిన్న గాయం కాస్తా పెద్దదై చీము పడుతుంది. తీసిన గోమారిని వేళ్లతో నలపొద్దు, కాలితో తొక్కొద్దు, స్పిరిట్ సీసాలో వేసి మూత పెట్టేయండి. కరిచిన చోట యాంటీసెప్టిక్‌తో తుడిచి, గ్లవ్స్ వేసుకున్నా సరే చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఒకటి దొరికిందంటే ఇంకా ఉన్నాయనుకునే వెతకండి. చెవుల లోపల, మెడ పట్టీ కింద, కాలి వేళ్ల సందుల్లో, చంకల్లో, గజ్జల్లో, తోక కింద, కనురెప్పల దగ్గర. కంటికి మరీ దగ్గరగా ఉన్నదాన్ని మాత్రం డాక్టరుకే వదిలేయండి. లెక్కలేనన్ని ఉన్నా, కూన పిల్ల అయినా, చిగుళ్లు పాలిపోయి కనిపించినా ఒక్కోటీ పీకుతూ కూర్చోకుండా నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లండి, రక్తం తగ్గిపోయి ఉండొచ్చు.

రేపు తీద్దాంలే అని వాయిదా వేయకండి. లైమ్ వ్యాధి లాంటివి సోకాలంటే గోమారి సాధారణంగా 24 గంటలకి పైగా అతుక్కుని ఉండాలి, కానీ కుక్కల్లో వచ్చే ఎర్లికియోసిస్ అనే జబ్బుకి కొన్ని గంటలు చాలు. తీసిన తేదీ ఫోన్‌లో రాసుకుని కొన్ని వారాలు గమనించండి. జ్వరం, తిండి మానేయడం, నీరసం, కుంటడం, ముక్కు నుంచి రక్తం, మూత్రం ముదురు రంగులో రావడం, వీటిలో ఏది కనిపించినా డాక్టరుకి ఆ తేదీతో సహా చెప్పండి. వెనక కాళ్లు ఉన్నట్టుండి తూలుతుంటే అది గోమారి విషం వల్ల వచ్చే పక్షవాతం కావచ్చు, ఒక్క గంట కూడా ఆగొద్దు.

కుక్కల మీద ఎక్కువగా కనిపించే గోధుమరంగు గోమారి ఇంట్లోనే పుట్టి, పెరిగి, గుడ్లు పెట్టగలదు, ఒక్క ఆడది వేలల్లో పెడుతుంది. అందుకే కుక్కని ఎంత శుభ్రం చేసినా వారం తిరక్కుండా మళ్లీ వచ్చాయంటే చూడాల్సింది గోడ పగుళ్లు, తలుపు సందులు, అది పడుకునే చోటు. పరుపు గుడ్డలు వేడి నీళ్లలో ఉతకండి, సందులన్నీ వాక్యూమ్ చేసి ఆ చెత్త వెంటనే బయట పారేయండి.

మందుల విషయంలో, మెడ మీద వేసే చుక్కలైనా, మాత్రలైనా, పట్టీలైనా వయసు, బరువు చెప్పి డాక్టరు రాసిందే వాడండి. కుక్కలకి వాడే పెర్మెత్రిన్ మందు పిల్లులకి విషం, వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చు. ఇంట్లో రెండూ ఉంటే కుక్కకి వేసిన మందు పూర్తిగా ఆరేదాకా పిల్లిని దాని దరిదాపులకి రానివ్వకండి, అసలు పెర్మెత్రిన్ లేని మందు అడిగి తీసుకోవడం ఇంకా మంచిది.