సరుకు మారగానే కెమెరా మొరాయిస్తే

కృష్ణపట్నం రేవుకు దగ్గర్లో, పంటపాలెం వైపు ఉన్న వంటనూనెల ఫ్యాక్టరీల్లాంటి చోట ప్యాకింగ్ లైను ఒకే సరుకు మీద నడవదు. పొద్దున పామోలిన్ ప్యాకెట్లు, మధ్యాహ్నం సన్‌ఫ్లవర్ సీసాలు, రాత్రి షిఫ్టులో ఐదు లీటర్ల డబ్బాలు. మూత, లేబుల్, బ్యాచ్ నంబరు చూసే కెమెరాకు ఒక్కో సరుకుకు ఒక్కో రెసిపీ ఉంటుంది. ఎక్స్‌పోజర్ (ఒక్కో చిత్రానికి కెమెరా వెలుగును తీసుకునే సమయం), లైటు, చూడాల్సిన చోటు, ఎంత తేడా వరకు ఒప్పుకోవాలి అన్నవన్నీ అందులోనే ఉంటాయి. సరుకు మారిన వెంటనే వచ్చే ఫిర్యాదు అయితే లెన్సు విప్పకండి, ముందు రెసిపీ చూడండి.

మంచి సీసాలన్నీ రిజెక్ట్ అవుతున్నాయి

తెర మీది రెసిపీ పేరూ, లైను మీది సరుకూ ఒకటేనా? కొన్ని కెమెరాలు రెసిపీలను 0 నుంచి లెక్కపెడతాయి, లైనును నడిపే కంట్రోలర్ అయిన పీఎల్‌సీలో మనం 1 నుంచి రాసుకుంటాం. ఆపరేటర్ 7 నొక్కితే కెమెరా జాబితాలో ఎనిమిదోది తెరుచుకుంటుంది. రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి సరిచూడండి. తాను తెరిచిన రెసిపీ నంబరును కెమెరా తిరిగి పీఎల్‌సీకి చెప్పాలి. రెండూ కలవకపోతే కన్వేయర్ కదలకూడదు. లేబుల్ మీది బార్‌కోడ్‌ను స్కాన్ చేసి దాన్నిబట్టి రెసిపీ ఎంచుకునే ఏర్పాటు ఇంకా మేలు. మొత్తం 13 అంకెలనూ పోల్చాలి సుమా. మన దేశంలో నమోదైన కోడ్‌లు 890తోనే మొదలవుతాయి కాబట్టి మొదటి మూడు అంకెలతో ఏమీ తేలదు.

నిజానికి అన్నీ రిజెక్ట్ కావడం అదృష్టమే, వెంటనే తెలిసిపోతుంది. తప్పు రెసిపీతో అన్నీ పాసైతేనే ముప్పు. అందుకే సరుకు మారిన ప్రతిసారీ మూత వదులైనది, లేబుల్ వంకర పోయినది, తేదీ పడనిది తలా ఒకటి లైను మీద పంపి, మూడూ బయటికి వచ్చాకే ఉత్పత్తి మొదలుపెట్టండి.

మొదటి కొన్ని సీసాలు తనిఖీ లేకుండానే వెళ్లిపోతున్నాయి

రెసిపీ తెరుచుకోవడానికి కొంత సమయం పడుతుంది. ఆ లోపు వచ్చిన ట్రిగ్గర్‌ను, అంటే సీసా వచ్చింది చిత్రం తియ్యి అనే సిగ్నల్‌ను, చాలా కెమెరాలు పట్టించుకోవు. సిద్ధంగా ఉన్నానని కెమెరా సిగ్నల్ ఇచ్చేదాకా లైను ఆగేలా పీఎల్‌సీలో మార్చండి.

కరెంటు పోయి వస్తే నిన్న సరిచేసిన సెట్టింగులు లేవు

మార్పు తాత్కాలిక మెమరీలోనే ఉండిపోయింది, సేవ్ చేయలేదు. సేవ్ చేసి, కంప్యూటర్‌లో కూడా ఒక ప్రతి తేదీతో పెట్టండి. పేర్లు ‘కొత్తది’, ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’ అని ఉంటే ఆ ప్రతి ఉన్నా లేనట్టే.

రెసిపీ సరైనదే, అయినా తేదీ చదవలేకపోతోంది

ఇక్కడే ఎక్కువ నష్టం జరుగుతుంది. తలుపు షట్టర్ సందులోంచి ఎండ పడుతుంటుంది, లేదా కెమెరా ముందరి అద్దం మీద నూనె తుంపర, ఉప్పుగాలి జిడ్డు చేరుతుంది. చిత్రం మసకబారగానే ఎవరో ఒకరు ఎక్స్‌పోజర్ పెంచి సేవ్ చేసేస్తారు. కన్వేయర్ సెకనుకు అర మీటరు వేగంతో నడుస్తోందనుకోండి. ఎక్స్‌పోజర్ 2 మిల్లీసెకన్లు ఉంటే ఆ లోపే సీసా 1 మిల్లీమీటరు కదిలిపోతుంది. ఇంక్‌జెట్ చుక్కలు అలికినట్టయి 3కూ 8కూ తేడా తెలియదు. 0.2 మిల్లీసెకన్లకు తగ్గిస్తే కదలిక 0.1 మిల్లీమీటరే. ఆ తగ్గిన వెలుగును ఫ్లాష్ లైటుతో పూడ్చాలి. అద్దం తుడవండి, కెమెరా చుట్టూ నల్లటి తొడుగు పెట్టండి, పాత రెసిపీని తిరిగి ఎక్కించండి. తేడా పరిమితిని వదులు చేసి గండం గట్టెక్కించడం మాత్రం వద్దు. సేవ్ చేసే అధికారం షిఫ్టుకు ఒక్కరికే, వారి పాస్‌వర్డ్‌తోనే ఉండాలి.

లోపం పట్టుకుంటోంది, కానీ పక్క సీసాను తోసేస్తోంది

లోపమున్న సీసాను లైను బయటికి తోసే సమయం చాలాచోట్ల రెసిపీలో కాక పీఎల్‌సీలో ఉంటుంది. సరుకుతోపాటు కన్వేయర్ వేగం మారితే పాత సమయం పనికిరాదు. దాన్ని కూడా రెసిపీ నంబరుకు జతచేయండి. వీలైతే సమయం బదులు ఎన్‌కోడర్ (కన్వేయర్ ఎంత దూరం కదిలిందో కొలిచే పరికరం) లెక్కతో తోయించండి, అప్పుడు వేగం ఎంత మారినా దూరం మారదు.