షార్పీలు బోర్డు మాట విననప్పుడు: డీఎంఎక్స్ లైన్‌లో తప్పు ఎక్కడుందో పట్టుకోవడం

షార్పీలు అంటే తల తిరిగే స్టేజీ లైట్లు. కంట్రోల్ బోర్డు ఆదేశాలు వాటికి డీఎంఎక్స్ అనే సిగ్నల్‌గా, ఒక లైటు నుంచి మరో లైటుకు గొలుసులా కట్టిన కేబుల్ లైన్ మీదుగా వెళ్తాయి. ట్రస్ (లైట్లు వేలాడదీసే లోహపు చట్రం) పైకి లేపాక ఒక్క కేబుల్ మార్చాలన్నా నిచ్చెన ఎక్కాల్సిందే. అందుకని కింద చెప్పినవన్నీ ట్రస్ నేల మీద ఉండగానే సరిచూసుకోండి.

ఏ లైటూ కదలడం లేదు

192 ఛానళ్ల చిన్న బోర్డులు (ఒక్కో ఛానల్ లైటులోని ఒక్కో పనిని నడుపుతుంది) చాలావరకు ఆన్ చేయగానే బ్లాకౌట్‌లోనే, అంటే లైట్లన్నీ ఆర్పి ఉంచే స్థితిలోనే ఉంటాయి. ముందు ఆ బటన్ చూడండి. తర్వాత లైటు మెనూలో ఆటో, సౌండ్ మోడ్‌లు తీసేసి డీఎంఎక్స్ మోడ్ పెట్టండి. తల తిరుగుతూ వెలుగు మాత్రం రాకపోతే లైన్ బాగానే ఉన్నట్టు. అప్పుడు షట్టర్ (వెలుగును అడ్డుకునే) ఛానల్ మూసి ఉండాలి, లేదా ల్యాంప్ వెలిగించే కమాండ్ వెళ్లి ఉండకూడదు. ఇప్పుడే ఆర్పిన డిశ్చార్జ్ ల్యాంప్ వేడి తగ్గేదాకా మళ్లీ వెలగదు. పది నిమిషాలు వదిలేయండి.

ఒకటి కదిపితే పక్కది కూడా పిచ్చిగా కదులుతోంది

అడ్రస్‌లు (ఒక్కో లైటు మొదటి ఛానల్ నంబర్లు) ఒకదాని మీద ఒకటి పడ్డాయి. 16 ఛానళ్ల మోడ్‌లో వరుసగా 1, 17, 33, 49 రావాలి. అన్నీ ఇలా పెట్టి ఒక్కటి మాత్రం 20 ఛానళ్ల మోడ్‌లో మిగిలిపోతే, దాని చివరి నాలుగు ఛానళ్లు పక్క లైటులోకి చొరబడతాయి. 192 బోర్డులో ఒక్కో స్కానర్ బటన్‌కు (లైటును ఎంచుకునే బటన్) 16 ఛానళ్లే (12 × 16), కాబట్టి అక్కడ 20 మోడ్ వాడకండి. పెద్ద బోర్డులో ప్యాచ్ చేసిన (లైటుకు కేటాయించిన) పర్సనాలిటీ, అంటే ఛానళ్ల పట్టిక, లైటు మెనూలోని మోడ్ రెండూ ఒకటే కావాలి. అడ్రస్ పెట్టే చిన్న డిప్ స్విచ్‌లున్న పార్లలో (తల తిరగని స్టేజీ లైట్లు) విలువలు 1, 2, 4, 8, 16, 32... ఇలా పెరుగుతాయి. 49 కావాలంటే 1, 5, 6 స్విచ్‌లు ఆన్ (1+16+32).

వణుకు, మినుకు, వాటంతటవే గిరగిరా తిరగడం

చాలామంది దీనికి బోర్డును తిడతారు. తప్పు ఎక్కువసార్లు లైన్‌దే. డీఎంఎక్స్ సెకనుకు 2,50,000 బిట్ల వేగంతో వెళ్తుంది. లైన్ చివర దాన్ని పీల్చుకునేది లేకపోతే సిగ్నల్ వెనక్కి కొట్టుకొచ్చి, కొత్తగా వచ్చేదాన్ని చెడగొడుతుంది. ఆఖరి లైటు అవుట్‌లో టెర్మినేటర్ పెట్టండి: ఎక్స్‌ఎల్‌ఆర్ (మైక్ కేబుల్‌కు ఉండే గుండ్రటి పిన్‌ల) మేల్ కనెక్టర్‌లో 2, 3 పిన్‌ల మధ్య 120 ఓముల, పావు వాట్ రెసిస్టర్. ఖర్చు లెక్కలోకి రానంత తక్కువ. ప్రతి లైన్‌కూ ఒకటి పెట్టెలో ఉండాలి.

మైక్ కేబుల్ ఇక్కడ పనికిరాదు. కనెక్టర్ ఒకేలా ఉంటుంది కాబట్టే ఈ పొరపాటు జరుగుతుంది. తక్కువ దూరంలో పనిచేసినట్టే అనిపించి, లైన్ పొడవు పెరిగేకొద్దీ మొరాయిస్తుంది. డీఎంఎక్స్‌కు 110–120 ఓముల కేబుల్ కావాలి. వై కేబుల్‌తో లైన్‌ను చీల్చకండి, ఆప్టో స్ప్లిటర్ (సిగ్నల్‌ను వేరువేరు లైన్లుగా పంచే పెట్టె) వాడండి. ఒక లైన్ మీద 32 లైట్లకు మించకూడదు. విడిగా ఖాళీ ఛానళ్లు మిగిలున్నా ఈ హద్దు మారదు.

మీటర్‌తో ఇలా చూడండి. లైట్లన్నీ ఆపి, బోర్డు వైపు కేబుల్ ఊడదీసి 2, 3 పిన్‌ల మధ్య కొలవండి. 120 ఓముల చుట్టుపక్కల వస్తే లైన్ బాగుంది. సున్నాకు దగ్గరైతే ఎక్కడో షార్ట్. రీడింగ్ ఏమీ రాకపోతే తీగ తెగింది, లేదా టెర్మినేటర్ లేదు. తెగిన చోటు తెలియాలంటే టెర్మినేటర్‌ను లైన్ సగం దగ్గర పెట్టి కొలవండి. బాగున్న సగాన్ని వదిలి మిగతా సగాన్ని మళ్లీ సగం చేయండి. 16 లైట్ల లైన్‌లో నాలుగు కొలతల్లో దొరుకుతుంది.

లైను మధ్యలో ఒక్క లైటు మాత్రమే ఉలకకపోతే దాని లోపల 2, 3 పిన్‌లు తారుమారై ఉండొచ్చు. ఆ రెండూ తిప్పి కట్టిన చిన్న కేబుల్‌ను ఇన్‌లో పెట్టి చూడండి. పని చేస్తే, అవుట్‌లోనూ అలాంటిదే మరొకటి పెట్టాలి. లేకపోతే తర్వాతి లైట్లన్నీ తారుమారవుతాయి.

తలలు ఎదురు దిక్కుకు తిరుగుతున్నాయి

ఇది చెడిపోవడం కాదు. తలకిందులుగా వేలాడదీసిన లైటుకు మెనూలోనో ప్యాచ్‌లోనో పాన్ (పక్కలకు తిరగడం) ఇన్వర్ట్, టిల్ట్ (పైకీ కిందకీ వంగడం) ఇన్వర్ట్ మార్చండి. రెండు చోట్లా మారిస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

ఆర్ట్‌నెట్ నోడ్ స్పందించడం లేదు

ఆర్ట్‌నెట్ అంటే డీఎంఎక్స్‌ను కంప్యూటర్ నెట్‌వర్క్ మీద పంపే పద్ధతి, నోడ్ దాన్ని మళ్లీ డీఎంఎక్స్ లైన్‌గా మార్చే పెట్టె. కంప్యూటర్, నోడ్ ఐపీలు ఒకే శ్రేణిలో ఉండాలి. ఉదాహరణకు 2.0.0.10, 2.0.0.20, రెండింటికీ మాస్క్ 255.0.0.0. కంప్యూటర్ వైఫై ఆపేయండి, ఫైర్‌వాల్‌లో యూడీపీ పోర్ట్ 6454 తెరవండి. అప్పటికీ మౌనమే అయితే యూనివర్స్ (512 ఛానళ్ల ఒక గుంపు) నంబర్ చూడండి. ఆర్ట్‌నెట్ లెక్క 0 నుంచి మొదలవుతుంది, చాలా సాఫ్ట్‌వేర్లు 1 నుంచి చూపిస్తాయి. నోడ్‌లో ఒక అంకె వెనక్కో ముందుకో జరిపితే లైట్లు లేస్తాయి.