జాజ్ బేస్‌లో పికప్‌లు, ప్రీయాంప్ మార్చే ముందు జాగ్రత్తలు

జాజ్ బేస్ అంటే ఫెండర్ కంపెనీ తెచ్చిన ఎలక్ట్రిక్ బేస్ గిటార్ మోడల్. పికప్‌లు తీగల కదలికను కరెంటు సిగ్నల్‌గా మారుస్తాయి, ప్రీయాంప్ ఆ సిగ్నల్‌ని పెంచి టోన్ సరిచేసే చిన్న సర్క్యూట్. కొత్తవి పట్టించడానికి బేస్ చెక్క తొలవకండి, 1960ల నాటి ఫెండర్ అయితే అసలు ఆ ఆలోచనే వద్దు. పికప్ నచ్చకపోతే మళ్లీ మార్చుకోవచ్చు, తొలిచిన చెక్క తిరిగి రాదు, కలెక్టర్ల దగ్గర ధర కూడా బాగా పడిపోతుంది. పేరున్న బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ ఫ్రెట్లు (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు) లేని 1962 జాజ్ బేస్‌కి ఎపాక్సీ (గట్టిపడే రెజిన్) పూసి అద్భుతాలు వాయించాడు, నిజమే, కానీ అది రోజూ వాయించడానికి చేసుకున్న మార్పు, దాచుకునే బేస్ మీద ప్రయోగం కాదు.

కొత్తవి సరిగ్గా పట్టాలంటే పాత పికప్‌ల పొడవు కొలవండి. చాలా జాజ్ బేస్‌లలో బ్రిడ్జి (బాడీ మీద తీగలు బిగించే భాగం) దగ్గరిది కాస్త పొడవు.

వైర్లు ఊడదీసే ముందు ఫొటో తీయండి. ఒక పికప్ వైర్లు తారుమారైతే రెండూ కలిపినప్పుడు సౌండ్ పలచబడుతుంది.

ప్రీయాంప్‌కి 9 వోల్టుల బ్యాటరీ పట్టే చోటుందా? స్టీరియో జాక్ (కేబుల్ గుచ్చే సాకెట్) కూడా వేయించండి, లేకపోతే కేబుల్ తీసేసినా బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.

తీసిన పాత భాగాలన్నీ, స్క్రూలతో సహా, దాచండి. అమ్మేటప్పుడు మొదట అడిగేది అవే.